నిరీక్షణ

మా ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి దసరా సెలవుల తర్వాత రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఆమెకు సికిల్ సెల్ జబ్బు ఉంది. చలి పెరిగినా, నీళ్లు తక్కువ తాగినా మోకాళ్లలో, నడుములో నొప్పి మొదలవుతుంది. నొప్పి వచ్చిన రాత్రి హాస్టల్లో ఆమె గదిలో ఎవరికీ నిద్ర ఉండదు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల గూడెంలో ప్రార్థన కూడికకు వచ్చిన ఒకాయన ఆమె తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, "ఇక మాత్రలు మానెయ్యి. మాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నాడట. ఆమె మానేసింది. కొన్నాళ్లకు నొప్పి తిరగబెట్టింది. తండ్రి, చిన్నాన్న డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఆమె కోలుకుని ఇంటికి వచ్చాక అదే మనిషి, "నీలో విశ్వాసం తక్కువ. అందుకే తగ్గలేదు" అన్నాడట.

బడికి వచ్చిన రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది. "సార్, దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని అమ్మ చెప్తుంది, మీరూ చెప్తారు. చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇంకా ఎంతకాలం ఆగాలి?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "మాత్రలు మాత్రం మానకమ్మా" అని ఊరుకున్నాను. మిగతా జవాబు ఆమెకు బాకీ పడ్డాను. ఆ బాకీ తీర్చడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. "ఓపిక పట్టండి" అనే మాట మన గూడేలకు కొత్తది కాదు. రోడ్డు అడిగితే ఓపిక పట్టమన్నారు. పోడు భూమికి పట్టా అడిగితే ఓపిక పట్టమన్నారు. డాక్టరు కావాలన్నా, టీచరు కావాలన్నా అదే మాట. మన తాతలు ఓపిక పట్టారు, తండ్రులు పట్టారు. అందుకే గుడిలో కూడా ఆ మాటే వినబడితే మన యువకులకు కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. దేవుని ప్రేమను నమ్మి ఓర్చుకోవడం, పెద్దవాళ్లు చెప్పారని నోరు మూసుకోవడం ఒకటే అయితే, అలాంటి ఓర్పును మన పిల్లలకు నేర్పకపోవడమే మేలు. రెండూ ఒకటేనా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగు బైబిలులో ఒక మాట ఉంది: నిరీక్షణ. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం చివర విశ్వాసానికీ ప్రేమకూ మధ్యలో ఆ మాట కనబడుతుంది. అక్కడ దాని అర్థం ఆశ. బయట మనం మాట్లాడుకునే తెలుగులో నిరీక్షించడం అంటే ఎదురుచూడటం. మన క్రైస్తవుల నోట ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో కలిసిపోయాయి. అలా కలవడం మంచిదే అయింది. ఆశ లేని ఎదురుచూపు, రద్దయిన బస్సు కోసం స్టాండులో కూర్చోవడం లాంటిది. ఎదురుచూడలేని ఆశ, పచ్చికాయ కోసి పులుపని పారేయడం లాంటిది.

ఎదురుచూడటం ఎలాగో మన పెద్దలకు తెలుసు. కొత్తల పండుగ జరిగేదాకా కొత్త పంటను నోట పెట్టకూడదని మన కొండల్లో, గూడేల్లో చాలామందికి కట్టుబాటు ఉంది. చెట్టున మామిడికాయ కళ్లెదుట వేలాడుతున్నా పండుగ దాకా ఆగుతారు. ఎందుకు ఆగుతారు? కాయ ముదరాలి, పెద్దలకు ముందు పెట్టాలి, ఊరంతా కలిసి తినాలి. ఆ ఓపిక ఎవరో బలవంతాన పెట్టింది కాదు. తినే రోజు వస్తుందన్న నమ్మకంతో, పక్కవాళ్లతో కలిసి పట్టేది. క్రైస్తవులమైనా కాకపోయినా మనందరికీ ఈ ఓపిక పరిచయమే. దీన్ని మనసులో ఉంచుకుని ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికి వెళదాం.

ఆమెకు చెప్పిన మాటల్లో మొదటి తప్పు, జబ్బుకు ఆమెనే కారణం చేయడం. సికిల్ సెల్ ఎందుకు వస్తుందో సైన్సు చదివే పిల్లలకు చెప్పవచ్చు. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అక్కడికి రక్తం అందక నొప్పి పుడుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ ఆ జన్యువు వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే మనిషి మామూలుగానే తిరుగుతాడు, కానీ వాహకుడవుతాడు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఒకే వైపు నుంచి ఈ జన్యువు వచ్చినవాళ్లను ప్రాణం తీసే మలేరియా అంత తేలిగ్గా పడగొట్టలేదు. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది. అంటే ఒకప్పుడు మన పూర్వీకుల పసిబిడ్డల్ని బతికించిన గుణమే, రెండు వైపుల నుంచీ కలిసినప్పుడు ఈ అమ్మాయి మోకాళ్లలో నొప్పి అయింది. ఇందులో ఎవరి పాపం ఉంది? ఎవరి అవిశ్వాసం ఉంది?

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అచ్చంగా ఇదే ప్రశ్న వేస్తారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని అడుగుతారు. యేసు ఆ రెండింటినీ కాదంటాడు. తప్పు ఎవరిదని లెక్క తేల్చకుండా ఆ మనిషికి కావలసిన పని మొదలుపెడతాడు. పుట్టుకతో వచ్చిన బాధ గురించి యేసు చెప్పిన ఈ జవాబు సువార్తలో ఉండగా, మన పిల్లల మీద అవిశ్వాసమనే నింద వేసే అధికారం ఏ బోధకుడికీ లేదు.

యోబు కథ కూడా ఇదే చెబుతుంది. పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబును చూడటానికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక, నీలో ఏదో తప్పు ఉండబట్టే ఇలా జరిగిందని వాదించారు. కథ చివర దేవుడు వాళ్ల మీద కోపగించాడు. అంతసేపు ఏడ్చి, నిలదీసి, దేవునితోనే వాదులాడిన యోబే సరిగా మాట్లాడాడని తేల్చాడు.

ఆ పుస్తకం మొదట్లో ఒక ప్రశ్న ఉంది. యోబు దేవునికి భయపడేది ఊరికేనా, అన్నీ ఇస్తున్నందుకే కదా అని సాతాను అడుగుతాడు. అంటే యోబు భక్తి బేరమేనని అతని ఆరోపణ. మనకు సంతలో బేరం తెలుసు. ఇంత చింతపండు ఇస్తే ఇంత ఉప్పు. ప్రార్థనను కూడా అలా చేసుకుంటే, అడిగింది రాగానే ప్రేమ ఉందంటాం, రాకపోతే లేదంటాం. "మాత్రలు మానేస్తే స్వస్థత ఇస్తాడు" అన్న బోధ పైకి గొప్ప విశ్వాసంలా కనబడుతుంది. లోపల అది బేరం. బిడ్డ ఆరోగ్యాన్ని పణంగా పెట్టి చేసిన బేరం.

నమ్మకం వేరు. తండ్రి సంతకు వెళ్తే చిన్నపిల్ల గడపలో కూర్చుని ఎదురుచూస్తుంది. ఆయన ఏం తెస్తాడో ఆమెకు తెలియదు. ఏ వేళకు వస్తాడో తెలియదు. వాగు పొంగిందో, జీపు దొరకలేదో అదీ తెలియదు. అయినా కూర్చుంటుంది, ఎందుకంటే ఆ మనిషి ఆమెకు తెలుసు. నమ్మకం పరిచయం మీద నిలుస్తుంది. క్రైస్తవుడికి దేవునితో ఆ పరిచయం యేసు ద్వారా. కాబట్టి ఆయన ఎలాంటివాడో చూడాలి.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో బేతనియ ఊరి అక్కచెల్లెళ్లు మార్త, మరియ తమ తమ్ముడు లాజరుకు జబ్బుగా ఉందని యేసుకు కబురు పంపుతారు. యేసు ఆ ముగ్గురినీ ప్రేమించాడని రాసిన వెంటనే, కబురు అందాక కూడా ఆయన ఉన్నచోటే రెండు రోజులు ఉండిపోయాడని రాసి ఉంటుంది. ప్రేమ, ఆలస్యం పక్కపక్కనే ఉన్నాయి. ఆయన చేరేసరికి లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి, నువ్వు ఇక్కడ ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని నిష్ఠూరమాడుతుంది. మరియ కూడా అదే మాట అంటుంది. యేసు వాళ్లను కసరలేదు, విశ్వాసం తక్కువని నిందించలేదు. సమాధి దగ్గరికి వెళ్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఆలస్యం చేసిన దేవుడు ఏడుస్తున్నవాళ్ల పక్కన నిలబడి ఏడ్చాడన్నది మన విశ్వాసంలో చిన్న సంగతి కాదు.

లాజరు లేచాడు కదా, నేను లేవలేదే అని ఆ అమ్మాయి అడగవచ్చు. అడగాలి కూడా. అందరికీ అద్భుతం జరుగుతుందని బైబిలు ఎక్కడా చెప్పదు. గెత్సేమనే తోటలో యేసు తన శ్రమ తొలగిపోవాలని మళ్లీ మళ్లీ ప్రార్థించాడు. తొలగలేదు, సిలువకే వెళ్లాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు అలాగే ఉండిపోయింది, దాన్ని మోసే బలం మాత్రం దొరికింది. త్రోఫిము అనే తోటి సేవకుణ్ణి రోగిగా ఉండగా మిలేతులో వదిలి రావలసి వచ్చిందని పౌలే రాశాడు. కడుపు నొప్పితో బాధపడే తిమోతికి మందుగా కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. అపొస్తలుల మధ్యే రోగులున్నారు, మందు ఉంది, వైద్యుడున్నాడు. వాళ్లలో ఎవరినీ అవిశ్వాసి అని పిలవలేదు. అలాంటప్పుడు మన పిల్ల చేతిలోని హైడ్రాక్సీయూరియా మాత్ర విశ్వాసానికి ఎలా అడ్డవుతుంది? నొప్పి దాడుల్ని తగ్గించే ఆ మందు కోసం ఎందరో ఏళ్ల తరబడి ఓపికగా పరిశోధన చేశారు. ఆ ఓపికలో కూడా దేవుని ప్రేమ పనిచేసిందని నేను నమ్ముతాను.

ఇక "ఎంతకాలం" అన్న ఆమె ప్రశ్న. అది అవిశ్వాసపు మాట అనుకునేవాళ్లు కీర్తనల గ్రంథం తెరిచి చూడాలి. 13వ కీర్తన మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. హబక్కూకు ప్రవక్త పుస్తకం కూడా అలాగే మొదలవుతుంది. ఆ గ్రంథాన్ని కూర్చిన పెద్దలు ఏడుపును, నిష్ఠూరాన్ని కొట్టేయకుండా ఆరాధనలో చోటిచ్చారు. పరాయివాళ్ల ఎదుట మనం బింకంగా ఉంటాం, అమ్మ దగ్గరే ఏడుస్తాం. దేవుణ్ణి "ఎంతకాలం" అని అడుగుతున్నామంటే ఆయన వింటున్నాడని ఇంకా నమ్ముతున్నామన్నమాట. నమ్మకం పోయినవాడు అడగడం మానేస్తాడు.

ఇక మన యువకుల కోపం సంగతి. దేవుని ప్రేమను నమ్మినవాడు అన్యాయం ముందు చేతులు కట్టుకుని ఉండాలా? లూకా సువార్త 18వ అధ్యాయంలో విసుగు చెందకుండా ప్రార్థించాలని నేర్పడానికి యేసు ఒక ఉపమానం చెప్పాడు. దేవునికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని ఒక న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు న్యాయం కోసం వస్తుంది. తిప్పి పంపినా మళ్లీ వస్తుంది, ఆ న్యాయాధిపతి విసిగిపోయేదాకా వస్తూనే ఉంటుంది. యేసు ఓర్పుకు ఆమెను చూపించాడు. ఇంట్లో కూర్చుని ఏడ్చే స్త్రీని చూపించలేదు. ఆ న్యాయాధిపతే విన్నప్పుడు ప్రేమించే దేవుడు వినడా అన్నది ఆయన చెప్పిన పాఠం. దేవుడు వింటాడన్న ధైర్యం ఉన్నవాళ్లే ఆఫీసు మెట్లు మళ్లీ మళ్లీ ఎక్కగలరు.

మనకు తెలిసిన ఉదాహరణ అటవీ హక్కుల చట్టం. అది 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న ఆదివాసులకు హక్కు అడిగే దారి ఇచ్చింది. దరఖాస్తు ముందు గ్రామసభకు వెళ్తుంది. గ్రామసభ తీర్మానంతో అన్యాయం జరిగిందనుకుంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడా న్యాయం జరగకపోతే మళ్లీ 60 రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. దేవుడు చూసుకుంటాడని ఆ 60 రోజులు ఇంట్లో కూర్చుంటే అది నిరీక్షణ కాదు. ప్రార్థన చేసుకుని, అర్జీ రాసి, రసీదు తీసుకుని, తేదీ గోడ మీద రాసుకునే మనిషి ఓర్పు ఆ విధవరాలి ఓర్పు లాంటిది.

యాకోబు తన పత్రికలో ఓర్పుకు రైతును ఉదాహరణగా చెప్పాడు. తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం రైతు ఎదురుచూస్తాడన్నాడు. పాడేరు, అరకు వైపు కాఫీ వేసిన ఇంటివాళ్లకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని కాపు మొదలుకాదు. వేసవిలో జల్లు పడితేనే పువ్వు విచ్చుకుంటుంది. ఆ పువ్వు పండు కావడానికి చలికాలం రావాలి. అప్పుడు కూడా అన్ని పండ్లూ ఒకేసారి ఎర్రబడవు, విడతలు విడతలుగా ఏరాలి. ఇన్నాళ్లూ రైతు చేతులు ఖాళీగా ఉంటాయా? నీడకు సిల్వర్ ఓక్ పెంచుతాడు, దాని మీదికి మిరియం తీగ ఎక్కిస్తాడు, కలుపు తీస్తాడు, కొమ్మలు కత్తిరిస్తాడు. వాన కురిపించడం అతని చేతిలో లేదు. వాన పడ్డప్పుడు తోట సిద్ధంగా ఉండటం అతని చేతిలో ఉంది. చేతిలో ఉన్నది చేయడం, చేతిలో లేనిది దేవునికి అప్పగించడం, ఈ రెండూ ఒకే మనిషి ఒకే రోజు చేస్తాడు. క్రైస్తవ ఓర్పు అంటే నాకు తెలిసింది ఇదే.

ఇలా ఎదురుచూసినంత మాత్రాన అన్నీ చక్కబడతాయని నేను హామీ ఇవ్వలేను. ఆ అమ్మాయి జబ్బు ప్రార్థనతో పోతుందని గాని, పోదని గాని చెప్పే అధికారం నాకు లేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. సిలువ మీద నొప్పి అనుభవించిన ప్రభువు నొప్పిలో ఉన్నవాళ్లను వదిలి దూరంగా ఉండడు. ఆయన ప్రేమ చాలాసార్లు మనుషుల చేతుల మీదుగా వస్తుంది. అర్ధరాత్రి లేచి గోరువెచ్చని నీళ్లు తెచ్చే పక్క మంచం పిల్ల చేతుల మీదుగా, కొండ దిగుతూ డోలీ భుజం మార్చుకునే చిన్నాన్న చేతుల మీదుగా వస్తుంది. ఆ చేతులు వెనక్కి తీసుకుని నోటితో మాత్రం "ఓపిక పట్టు, దేవుడున్నాడు" అంటే, మన వల్లనే దేవుని ప్రేమ ఆలస్యమవుతుంది.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్లలోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించడం దాని లక్ష్యాలు. మన బడికి పరీక్ష బృందం వచ్చినప్పుడు ఒక్క పిల్ల కూడా తప్పిపోకుండా చూద్దాం. జబ్బున్న పిల్లలకు చల్లనీళ్ల స్నానం, చలిగాలిలో డ్రిల్లు తప్పిద్దాం. తరగతిలో నీళ్ల సీసా పెట్టుకోనిద్దాం. నొప్పి అంటే నటన అనకుండా ఆసుపత్రికి తీసుకెళదాం. పెళ్లికి ముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటే మంచిదని పెద్ద పిల్లలకు సిగ్గుపడకుండా చెబుదాం. వీటిలో ఏదీ ప్రార్థనకు అడ్డు కాదు.

మొన్న మళ్లీ ఆమె దగ్గర కూర్చుని ఇందులో కొన్ని మాటలు చెప్పాను. "నీ ప్రశ్న తప్పు కాదమ్మా. నాకూ పూర్తి జవాబు తెలియదు. నువ్వు అడుగుతూనే ఉండు, నీతో పాటు మేమూ అడుగుతాం" అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే దేవుడికి నా మీద కోపం లేదా సార్?" అంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల మోకాళ్ల నొప్పి కంటే పెద్ద బరువు మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది. "లేదమ్మా" అన్నాను. ఈసారి జవాబు కోసం ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆమె లేచి నీళ్ల సీసా నింపుకుని, మాత్ర వేసుకుని, రాత్రి ప్రార్థనకు వెళ్లింది.